‘బాగుంది’ అన్నాక ఏం చేయాలి?

కొత్తగా వెబ్‌సైట్ పెట్టుకున్న చిన్న వ్యాపారి ఎవరైనా మొదట చేసే పని, దాని లింకును చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘ఎలా ఉందో చెప్పండి’ అనడం. పది నిమిషాల్లో బొటనవేళ్లు, చప్పట్లు, రెండు ‘సూపర్ అక్కా’లు వచ్చి పడతాయి. లోగో ఇంకాస్త పెద్దదైతే బాగుండేదని ఒక మేనమామ అంటాడు. ఆకుపచ్చ కలిసిరాదని ఇంకొకరంటారు. నెలలు గడుస్తాయి. సైట్ నుంచి ఆర్డర్లు రావు, వచ్చేవన్నీ ఫోన్‌లోనే వస్తాయి. అభిప్రాయం అడగాలనుకోవడంలో తప్పు లేదు. తప్పంతా ఎవరిని అడిగాం, ఏమని అడిగాం అన్న దగ్గరే ఉంది.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అన్నదాని మీద ముప్పై ఏళ్లకు పైగా పరిశోధన సాగుతోంది. అందులో చాలా భాగం పెద్ద కంపెనీల అవసరాల కోసం, ఎక్కువగా అమెరికా, ఐరోపాల్లో జరిగింది. హైదరాబాద్ తార్నాకలో రెండు గదుల్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మే ఇల్లాలికి, అక్కడే సందులో హాస్టల్ నడిపే ఆయనకు, బట్టలు కుట్టించే బొటిక్ యజమానురాలికి అందులో ఏది పనికొస్తుంది, ఏది పక్కన పెట్టేయవచ్చు అన్నదే ఇక్కడ చూడదలచుకున్నది. తార్నాకనే తీసుకోవడానికి కారణం ఉంది. ఒకవైపు 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. మరోవైపు జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధనల ఐఐసీటీ, భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐల ఉద్యోగులు. లాలాగూడ వైపు రైల్వే కుటుంబాలు, పింఛనుదారులు. కాలనీల్లో పిల్లల్ని అమెరికాకు పంపించి ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులు. ఒక సైట్‌ను పరీక్షించడానికి ఇన్ని రకాల మనుషులు ఇంత దగ్గరదగ్గరగా దొరికే చోట్లు ఈ నగరంలో తక్కువ.

మొదటి అడ్డంకి మొహమాటం. దాన్ని లెక్కగట్టి చూపించిన అధ్యయనం ఒకటుంది. నికోలా డెల్, ఇంద్రాణీ మేధీ, విలియం థీస్ మొదలైనవారు బెంగళూరులో 450 ఇంటర్వ్యూలు చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. చూపించిన రెండు నమూనాలూ అచ్చం ఒకేలా ఉన్నా, ఫలానాది ఎదుట కూర్చుని అడుగుతున్న మనిషి తయారుచేసిందేనని అనిపిస్తే చాలు, జనం దానివైపు మొగ్గే అవకాశం సుమారు రెండున్నర రెట్లు పెరిగింది. అడిగేది దుబాసీ సాయంతో మాట్లాడే విదేశీ పరిశోధకుడైతే 5 రెట్లయింది. దాన్ని కావాలని నాసిగా మార్చి చూపించినా అదే బాగుందన్నారు. విదేశీయుడు కాబట్టి అలా అన్నారని సరిపెట్టుకోనక్కర్లేదు. అడిగేది పక్కింటి పిన్నిగారైతే ముఖాన ‘బాగాలేదు’ అనగలిగేవాళ్లు మనలో ఎందరు?

ఈ మొహమాటానికి అపలా లాహిరి చవాన్ అనే భారతీయ నిపుణురాలు వింత విరుగుడు కనిపెట్టారు. బాలీవుడ్ పద్ధతి అని దాని పేరు. టికెట్లు అమ్మే సైట్‌ను పరీక్షించేటప్పుడు ‘ఇది వాడి చూడండి’ అనరు, కథ చెబుతారు. మీ ముద్దుల మేనకోడలి పెళ్లి దగ్గర పడింది. పెళ్లికొడుకు కిరాయి హంతకుడని, పైగా అతనికి ఇదివరకే పెళ్లయిందని ఇప్పుడే తెలిసింది. అతని భార్యను వెంటబెట్టుకుని మీరు విమానంలో బెంగళూరు చేరాలి, టైం లేదు, టికెట్లు తీయండి! ఆ హడావుడిలో పడిన మనిషి మర్యాద మరిచిపోయి సైట్‌ను నోరారా తిడతాడు. మనకు అంత సినిమా అక్కర్లేదు. ‘రేపు రాత్రి ఫ్లైటుకు మీ అబ్బాయి డాలస్ వెళ్తున్నాడు, వెల్లుల్లి వేయని ఆవకాయ రెండు కిలోలు సాయంత్రానికల్లా ఇంటికి రావాలి, సూట్‌కేస్‌లో కారకుండా ప్యాక్ చేయాలి’ అని చెబితే చాలు. ఏ తెలుగింటి తల్లికైనా ఒంట్లో వేడి పుట్టించడానికి ఈ కథ సరిపోతుంది.

ఇంకొక ఉపాయం, సైట్ తనదని యజమాని చెప్పకుండా ఉండటం. ఇక్కడే విశ్వవిద్యాలయం అక్కరకొస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి ఎవరైనా దీన్ని మినీ ప్రాజెక్టుగా తీసుకుంటే, ‘ఇందులో ఎన్ని తప్పులు పట్టిస్తే నా రిపోర్టు అంత బాగుంటుందండీ’ అని ధైర్యంగా, నిజంగానే చెప్పగలడు. అప్పుడు ఎదుటివాళ్ల మొహమాటమే మన పని చేసిపెడుతుంది, తప్పు చెప్పడమే సాయం చేయడమవుతుంది కనుక. ఒకటే డిజైన్ చూపించకుండా రెండు మూడు చూపించడం కూడా మంచి పద్ధతే. మర్యమ్ తోహిది, బిల్ బక్స్టన్ తదితరులు 2006లో చేసిన ప్రయోగంలో ఒకే నమూనా చూసినవారి కంటే మూడు చూసినవారు మార్కులు తక్కువ వేశారు, విమర్శ ఎక్కువ చేశారు. అవి కాగితం మీద గీసిన నమూనాలు. తార్నాకలో జిరాక్స్ షాపులకు కొదవలేదు. హోమ్‌పేజీని మూడు రకాలుగా పెన్సిల్‌తో గీసి జిరాక్స్ తీయించుకుంటే, కోడ్ ఒక్క లైనూ రాయకముందే సగం తప్పులు బయటపడతాయి.

ఎంతమందిని అడగాలన్నది పాత తగాదా. వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో ‘5 మంది చాలు’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడతాడని, ఆ లెక్కన 5 మందితో 85 శాతం దాకా తేలిపోతాయని ఆయన వాదన. మరుసటి ఏడాదే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ ఆన్‌లైన్ కొనుగోళ్ల సైట్లను పరీక్షించి, మొదటి 5 మందితో 35 శాతమే బయటపడ్డాయన్నారు. 2003లో లారా ఫాక్నర్ 60 మందిని పరీక్షించి, అందులోంచి ఐదేసిమందిని ఎన్నోసార్లు ఏరి చూశారు. ఒక ఐదుగురికి దాదాపు అన్ని లోపాలూ దొరికాయి, ఇంకో ఐదుగురికి 55 శాతమే దొరికాయి. అంటే ఆ ఐదుగురు ఎవరన్న దాన్నిబట్టి ఉంటుంది. చిన్న వ్యాపారికి ఈ తగాదాతో పెద్దగా పనిలేదు. దొరికిన లోపాలన్నీ దిద్దుకునే తీరిక, డబ్బు రెండూ ఉండవు కాబట్టి, ముగ్గురితో మొదలుపెట్టి దిద్దుకుని మళ్లీ ముగ్గురిని పిలవడమే నయం. స్టీవ్ క్రుగ్ అనే రచయిత చెప్పేది కూడా ఇదే: నెలకు ఒక పూట, ముగ్గురు మనుషులు.

అయితే ఆ ముగ్గురూ విద్యార్థులే కాకూడదు. క్యాంపస్ పక్కనే ఉండటంలో ఉన్న చిక్కు ఇదే. విద్యార్థులు సులువుగా దొరుకుతారు, ఒక చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లకు గంటసేపు కూర్చుంటారు. కానీ వాళ్లందరూ ఇంచుమించు ఒకే రకం వేళ్లతో ఫోన్ వాడతారు. మెనూ ఎక్కడ దాక్కున్నా పట్టేస్తారు, ఓటీపీ వచ్చేలోపు ఇంకో యాప్‌లోకి వెళ్లొస్తారు. హాస్టల్ సైట్ అయితే వాళ్లే ఖాతాదారులు కాబట్టి వాళ్లనే కూర్చోబెట్టాలి, వాళ్లతోపాటు ఊరి నుంచి ఫీజు కట్టే తండ్రిని కూడా. పచ్చళ్ల సైట్‌కు మాత్రం పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద నడకకు వచ్చే పెద్దవాళ్లు కావాలి, విదేశంలో ఉండి హైదరాబాద్‌లోని అమ్మానాన్నలకు ఆర్డర్ పెట్టే కొడుకో కూతురో కావాలి. ఆ కొడుకును వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమంటే సరిపోతుంది. తన కార్డుతో డబ్బు కట్టడానికి వీల్లేదన్న సంగతి అప్పటిదాకా ఇక్కడెవరికీ తెలిసి ఉండదు, ఇక్కడ అందరూ యూపీఐతో కట్టి చూస్తారు మరి.

ఇక అసలు పరీక్ష. అభిప్రాయం అడగకుండా పని చెప్పి చూడటమే దీని కిటుకు. వాళ్ల ఫోన్ మీదే, వైఫై కాకుండా మొబైల్ డేటా మీదే చేయించాలి. మనసులో అనుకుంటున్నదంతా పైకి అంటూ చేయమని చెప్పాలి. అలా ఒంటరిగా మాట్లాడుకోవడం మనవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది, అందుకని ఇద్దరు స్నేహితురాళ్లను ఒకే ఫోన్ ముందు కూర్చోబెడితే వాళ్లే మాట్లాడుకుంటారు.

పచ్చళ్ల సైట్‌నే చూద్దాం. అరవై దాటిన ఒక రిటైర్డ్ ఉద్యోగి చేతిలో ఫోన్ ఉందనుకోండి. చత్వారం వల్ల అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుని ఉంటారు. సైట్ తెరుచుకుంటుంది. ముందు మామిడి తోట ఫొటో, దాని మీద తనంతట తానే జరుగుతూ పోయే మరో నాలుగు ఫొటోలు. ఫోన్ కెమెరాతో తీసినవి తీసినట్టే ఎక్కించడం వల్ల ఒక్కోటి కొన్ని ఎంబీలు ఉంటుంది, పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంది. ఆయన బొటనవేలు తెర మీద ఆగుతుంది. ఏదో వస్తుందని చూస్తారు. కిందికి జరిపితే ‘సంప్రదాయ రుచుల సమాహారం’ అన్న వాక్యం, సంస్థ కథ. ఆవకాయ ఎక్కడుంది? మూలన ఉన్న మూడు గీతల్ని నొక్కితే మెనూ వస్తుందని ఆయనకు తోచదు. చివరికి ఆవకాయ దొరుకుతుంది, ధర కనిపించదు. బరువు ఎంచుకున్నాకగానీ ధర రాదు. వెల్లుల్లి వేసిందా, వేయనిదా? ఎక్కడా లేదు. నువ్వుల నూనెనా, వేరుశెనగ నూనెనా? అదీ లేదు. అక్షరాలు పెద్దవి కావడంతో ‘కార్టులో వేయండి’ అన్న బటన్ సగం తెర బయటికి పోయింది. అది దాటితే ఖాతా తెరవమంటుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది, అన్నీ నింపాక డెలివరీ చార్జీ అప్పుడు బయటపడుతుంది. ఆయన వెనక్కి వచ్చి ఫోన్ నంబర్ వెతకడం మొదలుపెడతారు. ఆ నంబర్ పేజీ అడుగున ఒక బొమ్మలో ఉంది, నొక్కితే కాల్ వెళ్లదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు పక్కనున్నవారు నోరు మెదపకూడదు. ‘అక్కడ కాదండీ, పైన’ అన్నారో, పరీక్ష అక్కడితో సరి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే, మనవాళ్లకు ఇది మరీ కష్టం. పెద్దాయన తికమకపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం మన పెంపకానికే విరుద్ధం. కాకి పిల్ల కాకికి ముద్దు కాబట్టి యజమాని ఆ గదిలో లేకపోతేనే మంచిది. వీడియో తీయడానికి ముందుగా అనుమతి అడిగి, తర్వాత యజమానిని ఒంటరిగా చూసుకోమనాలి. పని అయ్యాక ‘ఎలా ఉందండీ?’ అని ఆయన్ని అడగండి. ఇంత అవస్థ పడి కూడా ‘బాగానే ఉందమ్మా, నాకే ఈ ఫోన్లు సరిగా రావు’ అనే అంటారు.

మన సొంత సైట్ కంటే ముందు పక్కవాడి సైట్‌ను ఇలా పరీక్షించమని చెప్పేవాళ్లున్నారు. నాకూ ఈ సలహా నచ్చింది. మనసు నొచ్చుకోదు, ఖర్చు లేదు. ఇతరులవి ముందు చూసి రావడం ఇక్కడ కొత్త కాదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం గీయడానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపించారు. పక్క వీధి పచ్చళ్ల సైట్ చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పుకోవాలి, విదేశీ అధ్యయనాలు దీన్ని పట్టించుకోవు. రెడీమేడ్ టెంప్లేట్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో చేసినవి. వరుసకూ వరుసకూ మధ్య అవి వదిలే చోటు మన వత్తులకు చాలదు. పైవరుస ‘స్త్ర’ కింది వరుస గుడిదీర్ఘాన్ని గుద్దుకుంటుంది, బటన్‌లో రాసిన మాటకు అడుగుభాగం తెగిపోతుంది. ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల్లో సరిపోయిన బటన్ తెలుగులో రెండు వరుసలవుతుంది. దీనికి తోడు డీటీపీ షాపుల అలవాటు ఒకటి. కరపత్రాలకు అలవాటైన అను ఫాంట్లలో టైపు చేసిచ్చిన మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చకుండా సైట్‌లో పెడితే పిచ్చిగీతలొస్తాయి. అందుకని దాన్ని బొమ్మగా మార్చి అతికిస్తారు. చూడటానికి చక్కగానే ఉంటుంది. గూగుల్‌కు మాత్రం అందులో ఒక్క అక్షరమూ కనిపించదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది నోరు లేని బొమ్మ, అమెరికాలో ఉన్నవాడు ‘గోంగూర పచ్చడి’ అని వెతికితే ఈ సైట్ రాదు. మండలి, రామభద్ర, నోటో వంటి మంచి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నప్పుడు దీనికి సాకు లేదు. చుట్టాల గ్రూపులో ఇది ఒక్కరికీ తట్టదు. క్యాంపస్‌లో స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థి ఎవరినైనా కూర్చోబెడితే మొదటి నిమిషంలోనే చెబుతారు. ఆ గంటకు డబ్బులివ్వాలి, బిస్కెట్లతో సరిపెట్టకూడదు.

నిపుణుల్ని అడిగితే? రోల్ఫ్ మోలిక్ అనే డెన్మార్క్ పరిశోధకుడు నిపుణులనే పరీక్షకు పెట్టారు. 2003లో న్యూయార్క్‌లోని హోటల్ పెన్సిల్వేనియా వెబ్‌సైట్‌ను 17 బృందాలకిచ్చి విడివిడిగా తప్పులు పట్టమన్నారు. 9 బృందాలు జనంతో వాడించి చూశాయి, 8 బృందాలు తమ అనుభవంతోనే పరిశీలించాయి. అందరూ కలిసి 340 లోపాలు చెప్పారు. వాటిలో 205 లోపాలు ఒక్కో బృందమే చెప్పినవి, మిగతా ఎవరి కంటా పడనివి. సగానికి పైగా బృందాలు ఒప్పుకున్నవి 9 మాత్రమే. దీన్నిబట్టి నిపుణులు పనికిరారని అనలేం. ఒక్క నిపుణుడి జాబితాను వేదంగా తీసుకోకూడదని మాత్రం తేలింది. ఆ 9 లాంటివి, నలుగురూ చెప్పేవి ముందు దిద్దుకోవాలి.

నన్నడిగితే తార్నాకలో అందరికంటే గట్టి నిపుణుడు నెట్ సెంటర్ నడిపే మనిషి. ప్రభుత్వ సేవల కోసం 2011లో మొదలైన మీసేవ దరఖాస్తులు, దానికి ముందూ తర్వాతా వచ్చిన పరీక్షల దరఖాస్తులు, కౌన్సెలింగ్ ఫారాలు, స్కాలర్‌షిప్ రెన్యువల్స్, ఇవన్నీ ఇతరుల కోసం నింపుతూ ఆయన రోజు గడుస్తుంది. ఫొటో ఎన్ని కేబీలుంటే తిరగ్గొడుతుందో, పుట్టిన తేదీని ఎలా రాస్తే ఒప్పుకోదో, ఏ బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుందో ఆయనకు కంఠతా వచ్చు. డిజైన్ మీద పుస్తకం చదివి ఉండకపోవచ్చు. ఒక మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు ఆయన రేటు ఆయనకిచ్చి ‘ఈ ఆర్డర్ ఫారం ఒకసారి నింపండి’ అంటే, ఎక్కడెక్కడ జనం చేతులెత్తేస్తారో వరసగా చెప్పేస్తాడు.

అంకెల పద్ధతి గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. రెండు డిజైన్లు పెట్టి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపించి ఏది ఎక్కువ అమ్మిందో లెక్కగట్టడం పెద్ద కంపెనీలకు నిత్యకృత్యం. మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో 2012లో ప్రకటనల శీర్షికలో చేసిన చిన్న మార్పు ఆదాయాన్ని 12 శాతం పెంచిందని అక్కడ పనిచేసిన రాన్ కోహావి రాశారు. ఆ ఆలోచన నెలల తరబడి ఎవరూ పట్టించుకోకుండా పడి ఉందట. కానీ ఈ లెక్కకు జనం కావాలి. వందకు ఇద్దరు కొంటున్న సైట్‌లో ఆ 2 నిజంగా 3 అయిందని నమ్మకంగా తేల్చాలంటే ఒక్కో డిజైన్‌కు 4,000 మంది దాకా రావాలి. రోజుకు 40 మంది వచ్చే పచ్చళ్ల సైట్‌కు ఇది 200 రోజుల పని, ఈలోగా మామిడికాయల సీజనే అయిపోతుంది. వచ్చినవాళ్లు ఎక్కడ నొక్కారో, ఎక్కడ ఆగిపోయారో రికార్డు చేసి చూపించే మైక్రోసాఫ్ట్ క్లారిటీ వంటి ఉచిత సాధనాలు కొంత నయం. అవి ఎక్కడ ఆగారో చూపిస్తాయి, ఎందుకాగారో చెప్పవు. అలా రికార్డు చేస్తున్నామని సైట్‌లో రాయడం కూడా అవసరం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది.

అందరి దగ్గరా ఉండి ఎవరూ వాడుకోని ఫీడ్‌బ్యాక్ ఒకటుంది, వచ్చే ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు. ‘కారం ఎక్కువా?’ ‘ఉప్పల్‌కు పంపుతారా?’ ‘అర కిలో ఇస్తారా?’ అని వారంలో ముగ్గురు అడిగారంటే సైట్‌లో ఆ జవాబు లేదు, లేదా ఉండాల్సిన చోట లేదు. కౌంటర్ దగ్గర ఒక నోటుబుక్ పెట్టి నెలరోజులు ఈ ప్రశ్నలు రాసుకుంటే హోమ్‌పేజీలో ఏముండాలో తేలిపోతుంది. మామిడి తోట ఫొటో మాత్రం ఆ జాబితాలో ఉండదు.

ఇన్ని సలహాలూ పోగయ్యాక ఏరుకోవడం ఎలా? నా పద్ధతి మొరటుగా ఉంటుంది. ‘నాకు నచ్చలేదు’ అన్నవన్నీ ఒకవైపు, ‘ఇక్కడ ఆగిపోయాను’ అన్నవన్నీ ఒకవైపు. మొదటి గుట్టను మేనమామ లోగోతో సహా పక్కన పెట్టేయవచ్చు. రెండో గుట్టలో ఆర్డర్‌ను పూర్తిగా ఆపేసేవి ముందు, విసిగించేవి తర్వాత. సైట్ మొత్తం కొత్తగా చేద్దామని డిజైనర్ ఉత్సాహపడితే ఆపాలి. ధర ముందే చూపించడం, డెలివరీ చార్జీ పైనే రాయడం, నొక్కితే కాల్ వెళ్లే నంబర్ పెట్టడం ఒక పూట పని. ‘ఇంకా 2 సీసాలే మిగిలాయి’ అని అబద్ధపు బోర్డు పెడితే అమ్మకాలు పెరుగుతాయని ఎవరైనా చెబితే వినకూడదు. ఇలాంటి 13 రకాల మాయోపాయాలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో మార్గదర్శకాలిచ్చి నిషేధించింది. చివర్లో చార్జీలు బయటపెట్టడం కూడా వాటిలో ఒకటి. మన పచ్చళ్ల సైట్ తెలియక చేసిన పని అదే.

దిద్దాక మరో ముగ్గురిని పిలవాలి, పాతవాళ్లను కాదు, వాళ్లకు దారి తెలిసిపోయి ఉంటుంది.

ఇదంతా జరగాలంటే సైట్‌లో చేయి పెట్టే అధికారం యజమానికి ఉండాలి. ఇక్కడ చాలామందికి అదే లేదు. ఫైనల్ ఇయర్ కుర్రాడెవరో అభిమానంతో చేసిపెట్టి, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. డొమైన్ అతని మెయిల్ మీద ఉంటుంది, పాస్‌వర్డ్ అతనికే గుర్తుండదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చిన సైట్లను నమ్ముకున్నవారికి ఇంకో అనుభవం, 2024 మార్చిలో గూగుల్ వాటిని మూసేసింది. పరీక్షకు మనుషుల్ని పిలిచే ముందే డొమైన్‌ను సొంత మెయిల్‌కు మార్పించుకోవాలి. రెన్యువల్ తేదీని ఇంట్లో క్యాలెండర్ మీద, గ్యాస్ బుకింగ్ తేదీ పక్కనే రాసి పెట్టుకోవాలి.